ఆవిడ తెరిపించిన గది

మా కౌన్సెలర్ గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది మా పాత కమిటీలో ఒకావిడ. నిద్రలోనే పోయారట. అలాగా అని, పొయ్యి మీద పప్పు దించి, కాసేపు కుర్చీలో కూర్చున్నాను. నాకు ఏడుపు వెంటనే రాదు. ఆవిడకీ అంతే, అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

న్యూజెర్సీలో మా ఊరి బడుల్లో పిల్లల మనసు బాగోగులు చూసే సంఘం ఒకటుందని ఇప్పటి తల్లిదండ్రులకు తెలుసు. అది డెబ్బయ్యో దశకం చివర, లైబ్రరీ వెనక గదిలో, ఐదుగురు ఆడవాళ్ళతో మొదలైంది. ముగ్గురు అమెరికన్ తల్లులు, తెలుగువాళ్ళం ఆవిడా నేనూ. అప్పట్లో మూడు బడులకు కలిపి ఆవిడ ఒక్కరే కౌన్సెలర్. మా బడిలో ఆవిడకిచ్చిన చోటు జిమ్ చాపలు దాచే కొట్టు. బడికొక గది కావాలి, అందులో తీరిగ్గా వినే మనిషి ఒకరుండాలి. సంఘం అడిగింది ఇంతే.

స్కూల్ బోర్డు మీటింగులో ఎవరికైనా మూడు నిమిషాలే ఇచ్చేవారు. ఒకసారి ఆవిడ ఒక నిమిషం మాట్లాడి, మిగతా రెండు నిమిషాలూ మైకు ముందు ఊరికే నిలబడ్డారు. బోర్డు వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు, దగ్గారు, గడియారం చూశారు. "పిల్లలు నోరు విప్పేముందు ఇంతకన్నా ఎక్కువసేపే ఊరుకుంటారు. మీకు రెండు నిమిషాలకే ఇబ్బందయింది" అని ఇంగ్లీషులో చెప్పి వచ్చి కూర్చున్నారు. గది ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది.

సంఘంలో నా పని టైపింగ్. పిల్లల్ని కౌన్సెలర్ దగ్గరికి పంపడానికి తల్లిదండ్రులు సంతకం చేసే అనుమతి కాగితం కూడా నేనే టైప్ చేశాను. కొన్నాళ్ళకి ఆ కాగితమే మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి రోజూ బడి వేళకి కడుపునొప్పి. డాక్టరేమో ఏమీ లేదన్నాడు. అంతకు రెండు నెలల ముందు, అది బడిలో ఉండగా, నాకు ఐదో నెలలో గర్భం పోయింది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాను. పిల్లకి మాత్రం జ్వరమని చెప్పాం.

మావారు కాగితం చూసి, "ఇది రికార్డులోకి ఎక్కితే రేపు మెడికల్ స్కూల్ వాళ్ళు అడగరూ?" అన్నారు. నాకూ అదే భయం. ఊరందరి పిల్లల కోసం టైప్ చేసిన కాగితం మీద, నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి "వద్దు" దగ్గర టిక్కు పెట్టి పంపించాను.

ఆవిడ ఒకమాటు ఇంటికొస్తానన్నారు. నేను పెళ్ళిచూపులకి చేసినట్టు చేశాను. గారెలు, సేమ్యా పాయసం, పిల్లకి పట్టులంగా, ఒక కీర్తన, స్పెల్లింగ్ పోటీ సర్టిఫికెట్. ఆవిడ శుభ్రంగా తిని, పాట విని, బాగుందని వెళ్ళారు. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకి చెప్పా పెట్టకుండా వచ్చారు. మేడమెట్ల మీద పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుంది. నేను అరుస్తున్నాను. ఆవిడ కోటు విప్పకుండానే దాని పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"నిన్న నువ్వు చూపించిన పిల్లకి ఏ ఇబ్బందీ లేదమ్మాయ్. ఇవాళ్టి పిల్లని చూద్దామని వచ్చాను."

"రికార్డులో పడుతుందనండీ..." అని నసిగాను.

"ఆ కాగితంలో మూడో లైనేంటి? కాలేజీ ఫైల్‌లోకి వెళ్ళదని ఉందా లేదా? టైప్ చేశావు గానీ చదవలేదన్నమాట."

చదివాను. నమ్మలేదు, అంతే. ఆ మాట ఆవిడతో అనలేక వంటగది బల్ల మీద సంతకం పెట్టాను. సిగ్గేసింది.

ఆ తర్వాత ప్రతి గురువారం అది ఆ గదికి వెళ్ళేది. ఏం మాట్లాడుకున్నారని ఆవిణ్ణి ఒక్కసారి అడిగాను. "అడక్కు. అది చెప్తే విను" అన్నారు. అది చెప్పలేదు. వసంతం వచ్చేసరికి మాత్రం కడుపునొప్పి రావడం మానేసింది. నాలుగైదేళ్ళ తర్వాత ఆ గదిని కంప్యూటర్లకని తీసుకుంటే, ఆవిడ రెండు కుర్చీలు వరండాలో వేసుకుని, గది తిరిగిచ్చేదాకా అక్కడే పనిచేశారు. ఆవిడ మీద నాకున్న కృతజ్ఞత ఏనాడూ నోటితో చెప్పలేదు. చెబితే మాట మార్చేసేవారు.

మొన్న కబురు చెబుదామని వేరే ఊళ్ళో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. విని ఇలా అంది:

"అమ్మా, నేను స్కూల్‌కి వెళ్తే నువ్వు మళ్ళీ హాస్పిటల్‌కి వెళ్ళిపోతావ్ అనుకున్నా. ఆంటీకి అదే చెప్పా. అందుకే నీకు కాల్ చేసేవారు. నేను పక్కనే ఉండేదాన్ని."

నిజమే. ఆ ఏడాదంతా గురువారాలు పదకొండింటికి ఆవిడ ఫోన్ చేసేవారు. సంఘం కవర్లు ఎన్ని అయ్యాయి, స్టాంపులున్నాయా, ఏం వండావు అని. ఈవిడకి వేరే పనిలేదా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గదే. ఒకే రిసీవర్‌కి చెరోవైపు చెవులానించి వాళ్ళిద్దరూ. ఇవతల వంటింట్లో నేను, వంకాయల నిండా గింజలేనని షాపువాణ్ణి తిడుతూ.