నొప్పి తెలియని అరికాలు

నేను నడిచిన రాళ్ల మీద ఎర్రటి మరకలు పడుతున్నాయని మొదట చూసింది మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్. ఒమన్ కొండల్లో, పూర్వం సరిహద్దు కాపలాకు కట్టిన బురుజుల వెంట రోజుల తరబడి సాగే పాత కాలిబాట ఉంది. నడిచేవాళ్లు దారి తప్పకుండా రాళ్ల మీద రంగు గుర్తులు వేయడం మా డ్యూటీ. రంగు ఒలికిందేమో అన్నాను.

"లాల్ డబ్బా ఇంకా తెరవనే లేదు స్వామీ. ఖూన్ అది!" అన్నాడు.

అప్పుడు నేను అయ్యప్ప మాలలో ఉన్నాను. దీక్షలో చెప్పులు వేసుకోము. సైట్‌లో సేఫ్టీ షూస్ తప్పనిసరే, కానీ కొండ మీద అడిగేవాడెవడు? ఆరేళ్లుగా షుగర్ ఉన్నా, వట్టి కాళ్లతో రోజంతా నడిచినా చిన్న నొప్పి కూడా లేదు. స్వామి మహిమ అని మురిసిపోయాను. రూమ్‌లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా అంత మూర్ఖుడు ఉండడు.

అరికాలి పుండుకు పసుపు పెట్టి, గుడ్డ కట్టి ఇంకో రెండు రోజులు నడిచాను. మూడో రోజు చలిజ్వరం. ఖాదర్ భాయ్ నన్ను పికప్‌లో ఎక్కించుకుని మస్కట్ ఆసుపత్రికి తెచ్చాడు.

మలయాళీ డాక్టరు అరికాలిలో సూదితో గుచ్చి, తెలుస్తోందా అని హిందీలో అడిగాడు. తెలియలేదు. "న్యూరోపతి. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయి. నొప్పి లేకపోవడమే నీ జబ్బు" అన్నాడు. ఎక్స్‌రేలో ఇన్ఫెక్షన్ ఎముక దాకా కనిపించింది. రెండు వేళ్లు తీసేశారు.

అంతటితో పోయిందనుకున్నాను. నాలుగో రోజు డ్రెస్సింగ్ విప్పితే వాసన. పాదం నల్లబడింది. "గ్యాంగ్రీన్. మోకాలి కింద తీసేయాలి. ఆగితే ప్రాణం దక్కదు" అన్నాడు డాక్టరు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆపరేషన్‌కు ముందు మాల తీయమన్నారు. ఖాదర్ భాయ్ ఉతికిన రుమాలు పరిచి పట్టుకున్నాడు. అందులో పెట్టాను.

ఇప్పుడు పెట్టుడు కాలుతో కంపెనీ స్టోర్‌లో కూర్చునే పని చేస్తున్నాను. ఊళ్లో మాల వేసే గురుస్వామికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"షుగర్ ఉన్న స్వాములను చెప్పులేసుకొమ్మనే చెప్త కద. ఒక్క మాట అడగకపోతివి" అన్నాడు.

అవును, అడగలేదు. మీరు అడగండి. షుగర్ ఉంటే నొప్పి లేదని ధీమాగా ఉండకండి. రోజూ స్నానమయ్యాక ఫోన్‌తో అరికాళ్ల ఫొటో తీసి చూసుకోండి. నేనూ తీస్తున్నాను, ఉన్న ఒక్క కాలికి.