అమ్మ పిన్నుల డబ్బా

ఇవాళ నాచారం స్విమ్మింగ్‌పూల్ నుంచి వచ్చి, గోడకానుకుని కూర్చుని తడి ముడి విప్పుకున్నాను. జుట్టంతా క్లోరిన్ వాసన. ఈతకన్నా, నడుము దాటిన ఈ జుట్టుతో వేగడానికే ఎక్కువ అలసిపోతున్నాను.

మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మ, మిషన్లో చిక్కుకోకుండా జుట్టు బిగించి ముడేసుకునేది. సాయంత్రం రాగానే ఇలాగే కూర్చుని, పిన్నులన్నీ తీసి పాత పౌడర్ డబ్బాలో వేసేది. మీ ఇళ్లల్లోనూ ఉండేది కదా ఆ డబ్బా? నేను బడి కబుర్లు మొదలుపెడితే, "జర ఆగు బిడ్డా, ఎంటికలు ఇప్పుకోనియ్యి," అనేది. కాసేపటికి, "ఇగ చెప్పు," అని పిలిచేది. "ఏం లేదు," అనేసి ఆటకు పోయేదాన్ని.

ఇవాళ నేను ముడి విప్పుకుంటుంటే నా కూతురు ఏదో చెప్పబోయింది. ఆగమన్నాను. చిక్కులన్నీ తీసుకున్నాక పిలిచాను.

"ఏం లేదమ్మా," అంది.