నాన్నను లేపని రంపం

ఆ రోజుల్లో మా ఇంట్లో పగలంతా గుసగుసలే. నాన్నది పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఆయన రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటే, కుక్కర్ కూత వేయకముందే అమ్మ పరుగెత్తుకెళ్లి స్టవ్ ఆపేసేది. చేపలమ్మే ఆవిడ కూడా మా గుమ్మం దాటేదాకా నోరు మూసుకుని, దాటాక రెండింతలు అరిచేది. అలాంటి ఇంటి పెరట్లో ఇనుము కోసే పని పెట్టుకున్న ఘనురాలిని నేను. ఐటీఐలో ఫిట్టర్ పాసయ్యాక ఏ కంపెనీ పిలవకపోతే, అమ్మ కోళ్లను ఖాళీ చేయించిన రేకుల షెడ్డే నా కంపెనీ అయింది.

మొదటి రోజు పైపు మీద కటింగ్ మిషన్ పెట్టానో లేదో, నాన్న లుంగీ సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "బిడ్డా, టర్బైన్ పక్కన నిలవడ్డా గింత సప్పుడు లేదు. ఇంకొక్కసారి నా నిద్ర పాడైందనుకో, షెడ్డు మళ్లా మీ అమ్మ కోళ్లకే." అమ్మ ముఖంలో కోళ్ల తరఫున చిన్న వెలుగు కనిపించింది. నాకు పౌరుషం వచ్చింది. రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే పళ్ల బ్లేడుతో, అరుపుల్లేకుండా ఇనుము కోసే బ్యాండ్ సా నేనే చేస్తానని శపథం చేశాను. ఫోన్‌లో వీడియోలు చూసి, చెక్కతో చక్రాలు చేసి, వాటికి సైకిల్ ట్యూబు తొడిగి, పాత నీళ్ల మోటారు తగిలించి రెండు నెలలు తంటాలు పడ్డాను. (చప్పుడు చేయని మిషన్ కోసం బోలెడు చప్పుడు చేయాల్సి వచ్చింది. అదంతా నాన్న పగటి డ్యూటీ వారాల్లో కానిచ్చాను.) మొదటిసారి తిప్పినప్పుడు బ్లేడు జారి ఎగిరి నిమ్మచెట్టుకు దండలా పడింది. అమ్మ "ప్రభువా!" అని లోపలికి పరుగెత్తి, వారం దాకా షెడ్డు వైపు రాలేదు.

పరీక్ష రోజు నాన్న తిని పడుకున్నాడు. అమ్మ తలుపు దగ్గర సాక్షిగా కూర్చుంది. మణికట్టంత లావు కడ్డీ బిగించి, బ్లేడు వేడెక్కకుండా సీసాలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా వదిలాను. నేల బురదవుతుందని అమ్మ కింద స్టీలు బేసిన్ పెట్టింది. మిషన్ గుయ్‌మంటూ కోసుకుపోయింది. లోపల గురక ఆగలేదు. "నిజంగనే సప్పుడు లేదే పిల్లా!" అని అమ్మ గుసగుసలాడింది. నేను చేతులు కట్టుకుని, ఫొటో దిగేదానిలా నిలబడ్డాను. కోసిన ముక్క ఎక్కడో ఒకచోట పడాలి కదా అన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. పడింది, సరిగ్గా బేసిన్‌లో. కోళ్లు గోడెక్కాయి. గోడ అవతల ఇంకో రాత్రి డ్యూటీ ఆయన "ఏందది? ఏం పేలింది?" అని కేకేశాడు. నాన్న వచ్చేశాడు.

నేను షెడ్డు తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాను. ఇక షెడ్డు కోళ్లదే అనుకున్నాను. నాన్న ఆ ముక్క తీసి, కోసిన వైపు బొటనవేలితో రుద్ది చూశాడు.

"కోత సాఫుగున్నది. మరి నన్ను లేపింది మిషనా, ముక్కనా?"

నాకంటే ముందు అమ్మే అంది, కోళ్లను కూడా మరిచిపోయి: "ముక్కనే! మిషన్ లేపలే. తప్పు నా బేసిన్‌ది."

నాన్న లోపలికి వెళ్లి తన దిండు తెచ్చి బ్లేడు కింద పెట్టాడు. "గీడ పడనియ్యి" అని, తలకింద చేయి పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు. అమ్మ ఆ దిండుకు యూరియా సంచి తొడిగింది.

ఇప్పుడు నాకు మెయిన్ రోడ్డు మీద షాపుంది. కొన్న మిషన్లు ఎన్ని వచ్చినా ఆ పాతదాన్ని తీసేయలేదు. రిటైరైనా నాన్నకు రాత్రుళ్లు నిద్రపట్టదు. పగలు మా షాపు వెనకగదిలో పడుకుంటాడు. పాత మిషన్ గుయ్‌మన్నంతసేపూ గురకే. ఆగిందా, లేచి కూర్చుని "ఏంది బిడ్డా, కరెంటు పోయిందా?" అంటాడు. అందుకని కోయడానికేమీ లేకపోయినా దాన్ని ఖాళీగా తిప్పుతుంటాను. గిరాకీకి వచ్చినవాళ్లు కరెంటు దండగని నవ్వుతారు. తాళంచెవి అప్పగించబోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నేనూ నవ్వుకుంటాను. నాన్న నిద్ర చెడకూడదనే కదా, అంత తంటాలు పడి చేసింది!