గుడ్డ చూసినావా, పాపా?

మా పెద్దనాయన పోయిన నెల ఒక సోమవారం పొద్దున ధర్మవరంలో చనిపోయాడు. ఇంట్లోవాళ్లు ఆరుసార్లు ఫోన్ చేశారట. నేను పెనుకొండలో ఒక నూనె మిల్లువాళ్లకు పాడ్‌కాస్ట్ రికార్డు చేస్తూ ఫోన్ మోగకుండా పెట్టుకున్నాను. మీ మాటలో నిజం వినబడాలండీ అని మిల్లు యజమానికి చెబుతున్నాను. ఆ మాట నాకు నేర్పినాయన అప్పటికి గంట ముందే వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

ఆయన మా నాయనకు అన్న. చెన్నేకొత్తపల్లి దగ్గర మా మెట్టచేను తమ్ముళ్లకు వదిలేసి, పడుచు వయసులోనే ధర్మవరం వచ్చి పట్టుదారానికి రంగులు వేసే పని నేర్చుకున్నాడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. మా ఇంట్లో పెళ్లిళ్లకు వస్తే, ఆ వారం ఏ చీరలు మగ్గం మీదున్నాయో ఆయన చేతులు చూసి చెప్పేవాళ్లం.

నేను హిందూపురంలో చదువుకుని, బెంగళూరులో కంపెనీల ప్రచారం చూసే ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసి, చిన్న వ్యాపారులకు పాడ్‌కాస్ట్‌లు చేసిపెడతానని తిరిగొచ్చాను. అదేం ఉద్యోగమో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి పని పెద్దనాయనే ఇప్పించాడు, తాను రంగులు వేసే పట్టుచీరల అంగడిలో. అంగడి మిద్దె మీద గదిలో మైకు పెట్టాను. నేను రాసిచ్చిన కాగితం షావుకారు బడిపిల్లాడిలా చదివాడు. నాణ్యతే మా ఊపిరి లాంటి మాటలన్నీ నావే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. విన్నది షావుకారు బంధువులు మాత్రమే, వాళ్లూ సగం దాకానే.

ఒకరోజు పెద్దనాయన చిలపలు, అంటే రంగు వేసిన దారం చుట్టలు, ఇవ్వడానికి పైకొచ్చి, తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. షావుకారు ఎవరితో మాట్లాడుతున్నాడని నన్ను అడిగాడు. కొనేవాళ్లతో అన్నాను.

"వాళ్లు ఈడ లేరు గదా. ఒక్కరినన్నా ఎదురుగా కూచోబెట్టు పాపా. మొగం చూసి చెప్తే అబద్ధం అంత సులువుగా రాదు."

అయితే నువ్వే కూర్చో అని ఆయన్నే మైకు ముందు కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చున్నాను. బొమ్మ కనబడని చోట చీర ఎలా అమ్ముతామన్న నా బెంగ ఆరోజే తీరిపోయింది. తొలివాన పడిన రెండోనాటి ఎర్రమన్ను రంగు, కందిపువ్వు వాడేముందు రంగు అని నింపాదిగా చెప్పుకుంటూ పోయాడు. వారం తిరిగేసరికి మదనపల్లె నుంచి ఒకావిడ ఫోన్ చేసి కందిపువ్వు చీర ఉందా అని అడిగింది. మీలో కొందరు ఆ గొంతు వినే ఉంటారు.

పనిలో ఆయనకొక పట్టుదల ఉండేది. కొనేవాళ్లు కోరిన రంగు గుడ్డముక్క చేతికి రావాలి. ముందు ఒక్క చిలపకే రంగు వేసి, నీడలో ఆరబెట్టి, మర్నాడు పొద్దుటి ఎండలో వాకిట్లో నిలబడి గుడ్డ పక్కన పెట్టి చూసేవాడు. ఆ తర్వాతే మిగతా దారం రంగు తొట్టిలోకి దిగేది. ఫోనులో బొమ్మ చూపిస్తే నవ్వి, "ఇది ఫోను రంగు. చీర రంగు యాడుండాది?" అనేవాడు.

బెంగళూరు నుంచి ఒక పెళ్లివాళ్లు ఒకే రంగులో ఆరు చీరలు అడిగారు. పెళ్లికూతురు మా పాడ్‌కాస్ట్‌లో మాట్లాడతానంది. ఆ వారమే మగ్గం ఎక్కితేగానీ పెళ్లిలోపు కుదరదు. వాళ్లు పంపిన గుడ్డముక్క పార్సిల్ ఎక్కడ తిరుగుతోందో తెలియదు. నా దగ్గరున్నది ఫోనులో బొమ్మ ఒక్కటే. దాన్నిబట్టి ఆయన పాత చిలపల్లోంచి నేనే ఒకటి ఏరి, అచ్చం ఇదే రంగు అన్నాను.

"గుడ్డ చూసినావా, పాపా?" అని అడిగాడు. చూశానన్నాను. అప్పుడు ఆయన తొట్టి మీద వంగి ఉన్నాడు, నా మొహం చూడలేదు. నా మాట మీదే దారమంతా తొట్టిలోకి దింపాడు.

చీరలు వంకాయ రంగులో వచ్చాయి. వాళ్లడిగింది పండిన నేరేడు. పెళ్లివాళ్లు పాడ్‌కాస్ట్ కింద అందరూ చదివేలా రాశారు, మాటల మీదున్న శ్రద్ధ చీరల మీద లేదని. షావుకారు మండిపడ్డాడు. ఏం చెప్పి కప్పిపుచ్చాలా అని నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పెద్దనాయన ఆ కాగితం పక్కకు నెట్టి మైకు ముందుకొచ్చాడు. "తప్పు నాది. గుడ్డ కళ్లారా చూడకుండా తొట్టిలో ఏసినా. ఆ ఆరు చీరలూ మళ్లీ నేయిస్తాము," అన్నాడు. ఎప్పటిలాగే నా మొహం చూస్తూ చెప్పాడు. నేను నోరు విప్పలేదు.

మేం చేసిన వాటిలో జనం ఎక్కువగా విన్నది అదే. అంగడికి మంచిపేరు వచ్చింది. ఆయనకు మాత్రం కళ్లు పోయాయన్న పేరు వచ్చింది. ముఖ్యమైన రంగులు ఒక్కొక్కటే వేరేవాళ్ల తొట్లకు వెళ్లిపోయాయి. నేను హిందూపురంలో చింతపండు వ్యాపారుల దగ్గరికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, తప్పు ఒప్పుకోవడం ఎలాగో చూడండని ఆ రికార్డే వినిపించి పని సంపాదించుకున్నాను. ఎన్నోసార్లు ఆయనకు నిజం చెబుదామని వెళ్లి, కాఫీ తాగి వచ్చేశాను.

కర్మలన్నీ అయ్యాక, మొన్న పొద్దున మైకు తీసుకుని పెద్దనాయన ఇంటికే వెళ్లాను. పెద్దమ్మను ఎదురుగా కూర్చోమన్నాను. ఆమె మొహం చూస్తూ అంతా చెప్పాను. గుడ్డ నేను చూడలేదనీ, చూశానని చెప్పింది నేనేననీ, ఆయన కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయనీ. ఈ వారం అంగడి పాడ్‌కాస్ట్‌లో వచ్చేది ఇదే, ఏమీ కత్తిరించకుండా.

పెద్దమ్మ లేచి వెళ్లి, వసారాలో తాడు మీదున్న ఒక చిలప తెచ్చింది. ఆయన చివరిగా రంగు వేసి ఆరబెట్టింది అదేనట. దాని కొసకు చిన్న గుడ్డముక్క కట్టి ఉంది. నేరేడు రంగు గుడ్డ.

"చీరలు బెంగళూరికి పోయినాక వచ్చింది ఆ పెళ్లోళ్ల పార్సిలు. ఇప్పి చూసింది మీ పెద్దనాయనే," అంది పెద్దమ్మ. "పాపకు చెప్పొద్దు, తనే వచ్చి చెప్తాదన్నాడు. నువ్వొచ్చే పొద్దుకు ఆ రంగు సరిగ్గా ఏసి పెట్టల్లని, ఖాళీ దొరికినప్పుడల్లా ఏస్తానే ఉన్నాడు."

చిలప తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. ఎండ అప్పుడే గడప దాటుతోంది. గుడ్డ పక్కన దారం పెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ చాలాసేపు చూశాను. గుడ్డ ఎక్కడ అయిపోయిందో, దారం ఎక్కడ మొదలైందో తెలియలేదు.