నిర్మల్ చెరువులో నేను వదిలిన బతుకమ్మ

ఇంకొకరి బతుకమ్మను నేను చెరువులో వదిలేశాను. ఆట మొదలుకాకముందే! దాన్ని పేర్చిన పిల్ల అటు వెళ్ళి ఇటు వచ్చేలోపు పని పూర్తిచేశాను. ఎలాగో చెప్తాను, వినండి.

మొన్న దసరా సెలవుల్లో నేనూ మా ఆయనా నిర్మల్ వెళ్ళాం. పంజాగుట్టలో మా ఆఫీసులో నా పక్క సీటు స్వరూపది ఆ ఊరు. "సద్దుల బతుకమ్మకు మా ఊరికి రాండ్రి అక్కా, మస్తుంటది" అని ఆ ఆఖరి రోజు పండగకి ఏటా పిలుస్తుంది. ఈసారి కొత్త కారు వచ్చింది కాబట్టి మా ఆయన సై అన్నాడు.

ఎంత బాగుందండీ ఊరు! వానలు వెలిసి చెరువులు నిండుగా ఉన్నాయి. గట్ల పొడుగునా తంగేడు విరగబూసింది. కొయ్యబొమ్మల షాపులో చెక్క సీతాఫలం కొని బయటికొస్తే, బండి మీద నిజం సీతాఫలాలు! అవీ కొన్నాను.

స్వరూప చెల్లెలు శిరీషకి పెళ్ళయ్యాక ఇదే మొదటి బతుకమ్మ. సాయంత్రం చెరువు దగ్గరికి అత్తగారు చూడ్డానికి వస్తోంది. పాపం, పొద్దుటినుంచీ సరిగ్గా తినకుండా గునుగుపూలకి రంగులద్దింది, వరస వరసా పేర్చింది. మూరెడు పైనే ఎత్తు! పైన పసుపు గౌరమ్మ. "అత్తమ్మ మా వాడోళ్ళ ముందట మెచ్చుకోవాలె" అంటూ ఫొటో తీసి ఆవిడకి పంపింది కూడా.

గట్టు మీదికి చేరాం. శిరీష అత్తగారికి ఎదురెళ్ళింది. స్వరూప బతుకమ్మ ఉన్న తాంబాళం నా చేతుల్లో పెట్టి, "జర పట్టుకో అక్కా, సద్ది డబ్బాలు కార్లనే మర్సిన" అని పరుగెత్తింది.

పట్టుకున్నాను. ఎదురుగా మెట్ల దగ్గర కొందరు ఆడవాళ్ళు బతుకమ్మల్ని నీళ్ళలో వదులుతున్నారు. నా బుర్ర చురుగ్గా పనిచేసింది. మా ఇంట్లో వినాయకుడి నిమజ్జనం ఎప్పుడూ అంతే: రద్దీ పెరక్కముందే వెళ్ళి, కలిపేసి, ఇంటికొచ్చి టీ తాగుతాం. వీళ్ళేమో ఇంకా డబ్బాల కోసం తిరుగుతున్నారు!

మెట్లు దిగాను. దణ్ణం పెట్టుకున్నాను. మెల్లగా జారవిడిచాను. ఎంత అందంగా తేలుతూ పోయిందో! మా ఆయన వీడియో తీశాడు. తాంబాళం మాత్రం వదల్లేదు. ఇత్తడిది కదా, శుభ్రంగా కడిగి పట్టుకున్నాను.

స్వరూప వచ్చింది. "అక్కా, బతుకమ్మేది?"

"అయిపోయిందమ్మా! మెట్లు ఖాళీగా ఉంటే పంపేశాను."

"పంపేసినవా? ఇంక ఒక్క పాట సుత పాడలే కదక్కా!"

"మరి వాళ్ళు?"

"ఆళ్ళు మధ్యాహ్నం సంది ఆడుతున్నరు!"

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ కిందా ఏటా ఆడతారు. నేను కాసేపు బాల్కనీలోంచి చూసి, కుక్కర్ కూత వినబడగానే లోపలికి పోయేదాన్ని. ముందు ఆట, తర్వాత నీళ్ళు అన్న సంగతి ఆ కుక్కర్ నాకు తెలియనివ్వలేదు.

అప్పుడే శిరీష ఉరుక్కుంటూ వచ్చింది. ఖాళీ తాంబాళం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అత్తమ్మ ఆటో ఎక్కిందటక్కా..."

మా ఆయన ప్యాంటు మడిచి నీళ్ళ వైపు నడిచాడు. గట్టు మీద ఒక పెద్దావిడ గద్దించింది. "నీళ్ళల్లకు పోయినదాన్ని మల్ల తేవద్దు!"

ఇంక ఆలోచించలేదు. చెంగు దోపి తంగేడు పొదల్లోకి దూరాను. కొత్త పట్టుచీర చిరిగింది. చిరగనీ! మా ఆయన కొమ్మలు వంచాడు, నేను దూశాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు మిగిలిన గునుగు తెచ్చి పోశారు. ఒకావిడ పసుపు ముద్ద చేసింది. శిరీష ముక్కు ఎగబీలుస్తూనే గబగబా పేర్చింది. పైన గౌరమ్మను పెట్టడం, అత్తగారు రావడం ఒకేసారి!

ఆవిడ వంగి చూసింది. "గిదేంది బిడ్డా? ఫొటోల మూరెడున్నది, ఇప్పుడు జానెడైంది?"

శిరీష నోరు విప్పేలోపే నేను బడిపిల్లలా చెయ్యెత్తాను. "పెద్దదాన్ని నేనే వదిలేశానండీ. తెలియక."

నన్నూ, నా చీరకంటిన బురదనూ ఎగాదిగా చూసింది. "ఆటాడించక, సద్ది కట్టియ్యక, ఆడబిడ్డ గౌరమ్మను గట్లనే అత్తగారింటికి తోలినవా చెల్లె?"

గట్టంతా నవ్వు. శిరీష కూడా!

"నా కోడలు ఒక్క దినంల రెండు బతుకమ్మలు పేర్చింది. మీ వాడల ఇంకెవరన్న పేర్చిన్రా?" అని అందరికీ వినబడేలా అడిగి, ముందు ఆవిడే ఆటకి చప్పట్లు మొదలుపెట్టింది. శిరీష మొహం చూడాలి! చిరిగిన చీరతో బతుకమ్మ చుట్టూ నేనూ తిరిగాను, అందరికంటే ఒక అడుగు వెనకే.

ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను: ఎవరైనా ఏదైనా పట్టుకోమంటే, పట్టుకుంటాను. అంతే. ఇంకేమీ చెయ్యను.

నిన్న అమీర్‌పేట మెట్రో కింద ఒకావిడ "జర పట్టుకో అక్కా" అని కూరగాయల సంచీ ఇచ్చి షాపులోకి వెళ్ళింది. ఎంతకీ రాదు. మా ఆయన ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావ్? ఏం చేస్తున్నావ్?"

"సొరకాయ పట్టుకున్నాను," అన్నాను. కదల్లేదు.