గాజువాక బావి, ధర్మం కోర్టు

మొన్న లా చదువుతున్న మా అక్క మనవరాలు, "తాతా, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఈక్విటీకి వేరే కోర్టులున్నాయట, తెలుసా?" అంది. నవ్వొచ్చింది. వాళ్లమ్మ పుట్టకముందే గాజువాకలో ఒక బావి గట్టున ఆ చర్చ జరిగింది. ఇంట్లో తలో రకంగా చెబుతున్న ఆ కథను గుర్తున్నంత వరకు సరిగ్గా రాసి పెట్టడం నా బాధ్యత అనిపించింది.

డెబ్బైల చివరి మాట. పోర్టులో పనిచేసే బావకీ, పక్కింటాయనకీ ఉమ్మడి బావి ఉండేది. నడివేసవిలోనూ తియ్యటి నీళ్లు. పక్కింటాయన దాన్ని పూడ్చి గది వేస్తానన్నాడు. మట్టి కూడా తోలించి, "మీ వాటా డబ్బులిచ్చేస్తాను" అన్నాడు. "డబ్బులు తోడుకుని తాగుతామేటి?" అని అక్క బిందె ఠప్పున దించింది.

నా చదువు హైస్కూలు దాటకపోయినా, గ్రంథాలయంలోని లావుపాటి పుస్తకాలతో నాకు మంచి స్నేహం. బావను గట్టు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. పూర్వం ఇంగ్లండులో మామూలు కోర్టు పరిహారం ఇప్పించి ఊరుకునేది. డబ్బుతో తీరని అన్యాయమైతే రాజుగారి ఛాన్సలర్ దగ్గరికి వెళ్లేవారు. ఆయన "ఈ పని మానుకో" అని ఆజ్ఞ వేసేవాడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అందుకు వేరే కోర్టే ఉంచుకున్నాయి. ఆ జడ్జిని ఒకచోట గవర్నరు నియమిస్తే, ఇంకోచోట జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. ఈక్విటీ అంటే ఇదే; ఆ కోర్టుకి ధర్మం కోర్టని నేనే పేరు పెట్టాను. కథ మన దేశం దాకా రాకముందే బావకు డ్యూటీ వేళయింది.

మర్నాడు బావ సెలవు పెట్టి, కోర్టు ఆవరణంతా తిరుగుతూ "ధర్మం కోర్టు ఎటేపండీ?" అని అడిగాడట. ఒక గుమాస్తా, "అదింకా కట్టనేదు బాబూ, అందాకా మా ప్లీడరుగారి కాడ కూసో" అన్నాడు. ప్లీడరుగారు విడమరిచి చెప్పారు: మన దగ్గర పరిహారం ఇప్పించేదీ, పూడ్చవద్దని ఇంజంక్షన్ ఇచ్చేదీ ఒకే కోర్టు. కింద మున్సిఫ్, ఆపైన సబ్ కోర్టు, జిల్లా కోర్టు, హైకోర్టు. మున్సిఫ్‌ను ఎంపిక చేసి గవర్నరు పేరున నియమిస్తారు, ఓట్లు లేవు.

బావ వెలిగిపోతూ ఇంటికొచ్చి నాతో అన్నాడు: "బతికిపోనాం బావా! ఓట్లయితే పక్కింటోడే జడ్జీ అయిపోయేవోడు. బావితో పాటు మనల్నీ కప్పెట్టీసేవోడు!"

"పోనీ నువ్వు నిలబడితే నానైనా ఓటేత్తానేటి?" అంది అక్క.

ప్లీడరుగారు మా తరఫున దావా వేశారు. ఎక్కడో గోదావరి వైపు నుంచి వచ్చిన మున్సిఫ్‌గారు, మా వీధిలో ఎవరి పలుకుబడీ ఎరగని మనిషి, ఇద్దరి మాటా విని బావి పూడ్చకూడదన్నారు. ఆ సాయంత్రం అక్క తోడిన మొదటి బిందె పక్కింటికి పంపింది. "ఇదేటి?" అన్నాడు బావ. "ఉమ్మడి బావి కాదేటి? ఆళ్లకి దాహమెయ్యదా?" అంది.

అడిగినప్పుడల్లా బీరువా తెరిచిన లైబ్రేరియన్‌గారికి, ప్లీడరుగారికి, ఆ గుమాస్తాకి, బావకి, అక్కకి, ఆ బిందె వెనక్కి పంపకుండా అందుకున్న పక్కింటాయనకి నా నమస్కారాలు. కుళాయిలొచ్చాక రెండిళ్లవాళ్లూ కలిసే ఆ బావిని మూశారు. కాలం మీద ఇంజంక్షన్ ఇచ్చే కోర్టు ఏ రాష్ట్రంలోనైనా ఉన్నట్టు నేనింతవరకూ చదవలేదు.