హౌజు తేటపడేదాకా

పొడి చల్లిన అరగంటకే నీళ్ల రంగు మారింది. ముందు అంచుల వెంబడి నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. తర్వాత మధ్యలో గోధుమరంగు వచ్చింది. చివరికి హోటల్లో పొద్దుటి నుంచి మరుగుతున్న చాయ్ లాగా అయ్యాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడి చూశాను. ఏ సంగతి వచ్చినా మా ఇంట్లో మగవాళ్లు అట్లాగే నిలబడేవాళ్లు.

మొఘల్‌పురాలో మా ఇంటి వాకిట్లో రాతితో కట్టిన నీళ్ల తొట్టి ఉంది. మేము హౌజు అంటాం. నా చిన్నతనంలో మగపిల్లలందరం అందులోనే ఈత నేర్చుకున్నాం. నేను కాలేజీకి వచ్చేనాటికి అది ఎండిపోయింది. వాకిలి కూడా ఇప్పుడు సగమే మిగిలింది. అక్క తన వాటా అమ్ముకున్నాక హౌజుకు బారెడు దూరంలో అడ్డంగా గోడ లేచింది. గోడ అవతల పత్తర్‌గట్టి దుకాణాలకు పోయే గాజుల పెట్టెలు నిల్వ చేస్తారు. పెట్టెలు దించినప్పుడల్లా గలగలమంటాయి. ఆ గోడ లేచిన రోజు నుంచి అక్కతో నేను మాట్లాడలేదు. ఏళ్లు గడిచాయి.

పోయిన చలికాలం ఒక చావు కబురు చెప్పడానికి తనే ఫోన్ చేసింది. ఆ మాట అయ్యాక ఫోన్ పెట్టేస్తుందేమోనని ఆరోగ్యం అడిగాను.

"మోకాళ్లు పోయినయి తమ్మీ. రోజు నీళ్లల్ల నడవమన్నడు డాక్టరు. మా దిక్కు ఈత కొలనుల అందరు పోరగాళ్లే. నాకు సిగ్గు."

ఆ క్షణం దాకా నా మనసులో లేని మాట నోట్లోంచి వచ్చింది. "మనింట్లనే కట్టిస్తున్నక్కా. వచ్చి నడువు."

"యాడ? హౌజులనా?"

"హౌజులనే."

"నన్నెప్పుడు దిగనిచ్చిన్రురా అండ్ల?" అని నవ్వింది. నిజమే. ఆడపిల్లలు దిగకూడదనేది మా ఇంటి కట్టడి. మేము దూకుతుంటే తను గట్టు మీద మా తువ్వాళ్లు పట్టుకుని కూర్చునేది.

ఇచ్చిన మాట కోసం హౌజును ఛాతీలోతు తవ్వించాను. మెట్లు పెట్టించాను, నీలం పలకలు వేయించాను, పంపు, ఫిల్టరు తెచ్చాను. ట్యాంకరు నీళ్లు పోయించమన్నాడు మేస్త్రీ. మా బావి ఉండగా బయటి నీళ్లు ఎందుకన్నాను. మూడు వాడలు మా బావి నీళ్లు తాగి బతికాయని మా తాత చెప్పేవాడు. నేనూ చెప్తూ వచ్చాను. హౌజు నిండిన మర్నాడే, ఆదివారం రమ్మని అక్కకు ఫోన్ చేశాను. నీళ్లెట్లున్నయని అడిగితే అద్దంలా ఉన్నాయన్నాను. అప్పటికి అది నిజం. క్లోరిన్ పొడి చల్లింది ఆ తర్వాత.

రంగు మారాక చాలలేదేమోనని ఇంకో రెండు డబ్బాలు చల్లాను. చాంద్రాయణగుట్ట నుంచి తెచ్చిన డబ్బాల్లో యాసిడ్ కూడా ఉంది. వాటితో వచ్చిన కాగితం మీద రాసి ఉంది కదా అని అదీ పోశాను. పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి చూస్తే, కాగితంలో చూపించిన ఏ రంగుతోనూ పోలని రంగు వచ్చింది. కళ్లు మండాయి.

అప్పుడు తలుపు కొట్టింది వెనక గల్లీ ఆయన. ఊరికి నీళ్లు వడకట్టే ఫిల్టర్‌బెడ్ల మీద ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మా వెనక గోడ, ఆయన ఇంటి గోడ ఒకటే. ఎదురైతే తల ఊపడం తప్ప ఆయనతో నేనెప్పుడూ మాట్లాడింది లేదు.

"ఏం జేస్తున్నవ్ దొరా? వాసనకు మా ఇంట్ల పిల్లి గూడ ఉంటలేదు." లోపలికి వచ్చి డబ్బాలు చూసి గట్టిగా అరిచాడు. "యాసిడు, క్లోరిను పక్కపక్కన పెడ్తరా ఎవరన్న? మూతలు పెట్టు ముందు!"

నా మీద ఎవరైనా అట్లా అరిచి చాలా కాలమైంది. మూతలు పెట్టాను. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"బావి నీళ్లా?"

"మా బావివి. మూడు వాడలు తాగినయి."

"తాగనీకి మంచివే. ఇనుమున్నది, ఒంటికి బలం. క్లోరిన్ తగిల్తే మాత్రం తుప్పయితది. నీళ్లకు ఖాందాన్, వంశం తెల్వదు దొరా. అండ్ల ఏమున్నదో అదే చూపిస్తయి."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆదివారం మా అక్క వస్తుందని చెప్పాను. ఇంకెవరికీ చెప్పని మాట అది.

మర్నాడు ఆయన చెప్పినట్టే చేశాను. యాసిడ్ ఎక్కువైన నీళ్లను ముందు సోడా పొడితో దారికి తెచ్చాం. గొట్టంలో చుక్క లేత ఎరుపుకు వచ్చాక, పటిక కరిగించి అంచుల వెంట పోశాం. మంగలి దగ్గర గడ్డానికి రాసే పటికే. పంపు ఆపేశాం. "ఇగ ముట్టొద్దు. ఊరికంత నీళ్లు ఇట్లనే తేరుకుంటయి. తుప్పు దానంతటది కూసోవాలె" అన్నాడు.

శుక్రవారం గడిచింది. శనివారం సాయంత్రానికి తుప్పంతా అడుగున మెత్తటి పొరలా కూర్చుంది. దాని మీద నీళ్లు తేటగా, నీలం పలకలు కనిపించేటట్టున్నాయి. ఆ పొరను గొట్టంతో మెల్లగా పీల్చి మోరీలోకి వదలాలి.

"పొర ఇంక గట్టిపడాలె. రేపు నేను చర్చికి పోత. సోమారం ఇద్దరం కలిసి తీద్దాం. అక్కకు ఫోన్ జేసి చెప్పు, వారం ఆగమను" అన్నాడు వెనకింటాయన.

సరేనన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అద్దంలా ఉన్నాయని చెప్పిన నోటితో పాడైనాయని చెప్పాలి. చెప్పలేకపోయాను.

ఆదివారం తెల్లవారుతుండగా గొట్టం నేనే దించాను. మొదటి రెండు మూరలు బాగానే వచ్చింది. తొందరపడి గట్టిగా తోశాను. అడుగు నుంచి మేఘం లేచింది. చేయి ఆపేశాను కానీ అది ఆగలేదు. గోడ దాకా పాకి, తిరిగి వచ్చి, మెట్లను కప్పేసింది.

అక్క పది గంటలకు ఆటో దిగింది. చేతిలో సంచి, సంచిలో తువ్వాలు, మార్చుకోవడానికి బట్టలు. కట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చి ముందు గోడను చూసింది, తర్వాత హౌజును. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాను.

"రెండు రోజులల్ల తేటవడ్తయి" అన్నాను.

"ఫోన్ల చెప్తే అయిపోవు గద తమ్మీ. రెండు ఆటోలు మారి వచ్చిన."

గట్టు మీద కూర్చుని మోకాళ్లు నిమురుకుంది. చిన్నప్పుడు కూర్చున్న చోటే. సంచి ఒళ్లో పెట్టుకుంది. చాయ్ తాగింది. గోడ అవతల గాజుల పెట్టె ఏదో దింపారు. ఇద్దరం విన్నాం. అరగంటకు లేచింది. మళ్లీ ఎప్పుడొస్తావని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

సోమవారం వెనకింటాయన వచ్చి చూసి "నీకు వినే అలవాటు లేదు దొరా" అన్నాడు, అంతే. మళ్లీ సోడా, మళ్లీ పటిక. ఈసారి మూడు రోజులు పంపు జోలికి పోలేదు. గొట్టం ఆయనే పట్టుకున్నాడు. పసిపిల్ల తల దువ్వినట్టు తీశాడు. తగ్గిన నీళ్ల కోసం మా బావి మోటారు వేయబోతే వద్దన్నాడు. నల్లా నీళ్లు వచ్చే రోజు తన ఇంట్లోంచి గోడ మీదుగా పైపు వేశాడు. వాళ్లింటి నీళ్లు మా హౌజులో పడుతుంటే పక్కన నిలబడి చూశాను. మా తాత చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. పైపు జారకుండా పట్టుకున్నాను.

తర్వాత రోజూ పొద్దున ఒకే పని. రెండు పరీక్ష గొట్టాలు, రెండు రకాల చుక్కలు. క్లోరిన్‌ది లేత పసుపు, యాసిడ్‌ది లేత ఎరుపు. రెండూ కుదిరాక కూడా రెండు రోజులు ఫోన్ చేయలేదు. నీళ్లు కదలకుండా ఉండేవి. ఆకాశం తప్ప అందులోకి ఎవరూ దిగలేదు. మూడో రోజు చేశాను.

"నీళ్లు మంచిగయినయక్కా."

"అద్దంలెక్కనా?"

వంగి నీళ్లలోకి చూశాను.

"నువ్వు దిగినవా?" అని అడిగింది.

"లేదు."

"కట్టించి ఇన్ని రోజులాయె, దిగలేదా? ముందు నువ్వు దిగు. ఎట్లుందో ఉన్నదున్నట్టు చెప్పు. అప్పుడొస్త."

పెట్టేసింది. చొక్కా విప్పి మడత పెట్టాను. గట్టు మీద తువ్వాలు పట్టుకోవడానికి ఎవరూ లేరు. దాన్ని రాతి మీద పరిచాను. మెట్లు ఒక్కొక్కటే దిగాను. వెన్ను వంగని మనిషికి నీళ్లలో నడవడం తెలియదు. రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నాను. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి పది సార్లు నడిచాను. కాళ్ల కింద పలకలన్నీ చూసుకుంటూ నడిచాను.

తడిచేత్తోనే ఫోన్ తీశాను.

"చల్లగున్నయక్కా. మూడో మెట్టు జారుతది, దానికి పట్టుకోను కడ్డీ పెట్టియ్యాలె. అడుగున రెండు పలకల మీద తుప్పు మరక పోలేదు. నీళ్లు నా ఛాతీ దాకా వస్తయి, నీకు భుజాల దాకా రావొచ్చు."

అవతల ఆమె వింటూ ఉంది. "ఇంకా?" అంది.

"ఒక్కణ్నే దిగినక్కా. గట్టు మీద ఎవ్వరు లేకుండె" అన్నాను.